కాలు తగిలితే

ఫుట్‌బాల్‌కి పదకొండు మంది కావాలంటారు గానీ, నన్నడిగితే ఆట తేలేది ఎప్పుడూ ఇద్దరి మధ్యనే. ఒకమ్మాయి కాళ్ళ దగ్గర బంతి ఉంటుంది, ఎదురుగా ఇంకో అమ్మాయి నిలబడుతుంది. దాటిపోవాలని ఒకదాని పట్టుదల, దాటనివ్వకూడదని రెండోదాని పట్టుదల. ఆ కాసేపూ మిగతావాళ్ళంతా ఉత్త జనం. దీన్నే వన్ ఆన్ వన్ అంటారు. నర్సాపురం దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీగా చేరినప్పటి నుంచీ ఆడపిల్లలకి పొద్దున్నే నేను నేర్పేది ఎక్కువగా ఇదే.

మా గ్రౌండు కాలవ పక్కన ఉంటుంది. వానాకాలంలో సగం చెరువు. కోతలయ్యాక సగం కళ్ళం, అంతా ధాన్యం ఆరబోసేస్తారు. రైతుల్ని బతిమాలి, వినకపోతే దెబ్బలాడి, ఒక పక్క ఖాళీ చేయించుకునేదాన్ని. టీచరమ్మ నోరు మంచిది కాదని ఊళ్ళో పేరొచ్చింది. వస్తే వచ్చింది, గ్రౌండు మిగిలింది కదా.

ఇటుక ముక్కలు వరసగా పెట్టి, ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టి, అరిచేదాన్ని. "దూకకే! దూకావంటే అయిపోయావన్నమాటే. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండు. మోకాళ్ళు వంచు, ఒళ్ళు పక్కకి తిప్పు. దాని మొహం చూడకు, మొహం అబద్ధాలు చెబుతుంది. బంతిని చూడు. దానికి చేతకాని కాలేదో కనిపెట్టి అటే తోలు. గేదెని గట్టు వైపు తోలినట్టు తోలు. గీత దగ్గరికి పోయాక దానికింక దారుండదు. అప్పుడు పెట్టు కాలు." బంతి ఉన్నదానికి వేరే పాఠం. "ఎదుటిదాని బరువు ఏ కాలి మీదుందో చూడు. ఆ కాలి పక్కనుంచే పో. బరువు మోసే కాలు చటుక్కున లేవదు."

ఈ మాటలు వినీ వినగానే ఒంటికి ఎక్కించుకున్న పిల్ల నా సర్వీసులో ఒక్కతే. పదో తరగతి. సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళ పేటలోంచి సైకిలు మీద వచ్చేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. మాట తక్కువ. దాని ముందు నిలబడితే మా బళ్ళో ఎంత చురుకైన పిల్లకైనా దారి కనపడేది కాదు. తొందరపడేది కాదు, వెనక్కి వెనక్కి జరుగుతూ, ఎదుటిదాన్ని మెల్లగా మూలకి తీసుకుపోయేది. అలా చూస్తూ నిలబడితే నాకు ఆకలి కూడా తెలిసేది కాదు.

కానీ దానికో జబ్బుంది. కాలు తగిలితే దణ్ణం పెట్టేది.

మనందరికీ ఉన్న అలవాటే. బస్సులో పక్కవాళ్ళకి కాలు తగిలితే వంగి, వాళ్ళని చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంటాం. పుస్తకానికి తగిలినా అంతే. గ్రౌండుకి కొత్తగా వచ్చిన పిల్లలు మొదట్లో అలాగే చేస్తారు, వారం తిరిగేసరికి మర్చిపోతారు. ఈ పిల్ల మాత్రం మర్చిపోలేదు. బంతి కోసం కాలు పెడుతుంది, ఆ కాలు ఎదుటిదాని పిక్కకి తగులుతుంది. అంతే, ఉన్నపళంగా ఆగి, వంగి, ఆ పిల్ల కాలు తాకి కళ్ళకద్దుకునేది. ఇది లేచేసరికి బంతి గోల్లో ఉండేది. మిగతా పిల్లలు దానికి దణ్ణాలమ్మ అని పేరు పెట్టి ఏడిపించేవారు.

"ఒసేయ్, బంతి గోల్లోకి పోతుంటే ఈ దణ్ణాలేంటే? ఇది గ్రౌండనుకున్నావా, గుడనుకున్నావా?"

"తన్నేశాను కదండి మేడం. తప్పు కదండి."

"తన్నడమే కదే ఆట!"

"ఆయ్," అనేది తల దించుకుని. మళ్ళీ తగిలితే మళ్ళీ దణ్ణమే. నేను నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని.

నేనంత మొత్తుకోవడానికి కారణముంది. రాజమండ్రిలో స్పోర్ట్స్ హాస్టలుకి సెలక్షన్లు జరగబోతున్నాయి. అందులో సీటొస్తే తిండీ చదువూ ఆటా అన్నీ వాళ్ళే చూసుకుంటారు, ఇంటర్ అక్కడే చదవొచ్చు. రాకపోతే ఈ పిల్లకి పదితో చదువు సరి. వాళ్ళ పేటలోకి రోజూ తెల్లవారుజామున భీమవరం నుంచి రొయ్యల షెడ్డు వ్యాను వస్తుంది. పది అయిపోయిన ఆడపిల్లలు అందులో ఎక్కుతారు. పొద్దస్తమానం నిలబడి ఐసులో వేసిన రొయ్యలు వలుస్తారు. అంతకుముందు నా దగ్గర ఆడిన పిల్లలు ఇద్దరు ఆ వ్యానులో వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. ఒకదాన్ని పలకరిస్తే చేతులు వెనక్కి దాచుకుంది. వేళ్ళు నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఈ పిల్లని అందులో ఎక్కనివ్వకూడదని నేను గట్టిగా అనుకున్నాను.

వాళ్ళమ్మ కువైట్‌లో ఇళ్ళల్లో పని చేస్తోంది. నాన్న వేటకెళితే రోజుల తరబడి రాడు. పెంచిందంతా మామ్మే. ఎండు చేపలమ్ముకునే మనిషి. ఒక ఆదివారం మాట్లాడదామని వెళ్ళాను. ఆవిడ గుమ్మం ముందు కూర్చుని సావిడి చేపలు ఆరబెడుతోంది.

"సెలక్షనైతే పంపుతానండి టీచరమ్మగారూ. మాటంటే మాటే," అంది. "అవ్వకపోతే మాత్రం మళ్ళీ నా గుమ్మం ఎక్కకండి. షెడ్డు వేను మా ఈదిలోకే వత్తాది."

"అవుతుంది మామ్మగారూ. కానీ ఆ దణ్ణాలొక్కటే అడ్డమొస్తున్నాయి. ఆటలో కాలు తగిలితే తప్పులేదని మీరొక్క మాట చెప్పండి. మీ మాటైతే వింటుంది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "తప్పులేదని నేనెలా చెప్తానండి? ఆటలో తగిల్తే మాత్రం అది కాలు కాదా?"

ఆవిడతో వాదించి లాభం లేదు. కోపంతో వచ్చేశాను. దారంతా గొణుక్కుంటూనే ఉన్నాను.

మర్నాటి నుంచి బంతి నేనే తీసుకుని దాని ఎదురుగా నిలబడ్డాను. నలభై దాటిన మనిషిని, ఒక మోకాలు నొప్పి. అయినా తన్నించుకోవాలనే నిలబడ్డాను. అది నా దగ్గరికే వచ్చేది కాదు. టీచరుకి కాలు తగలడమే? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టు ఆమడ దూరంలో ఉండి చూసేది. నేను తాపీగా దాని పక్కనుంచి పోయి గోలు కొట్టేదాన్ని. "ఇదేనా నీ ఆట? రాజమండ్రిలో కూడా ఇలాగే దారిచ్చి హారతిస్తావా?" అని అరిస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి గానీ కాలు లేచేది కాదు.

ఒకరోజు అరిచే ఓపిక కూడా పోయింది. ఇద్దరం ఇటుకల మీద కూర్చున్నాం. అప్పుడు తోచింది ఒక మాట. "చూడమ్మా, దణ్ణం మానెయ్యమని నేననను. దాచుకో. విజిలయ్యాక ఎంతమందికి తగిలిందో అంతమంది దగ్గరికీ వెళ్ళి పెట్టుకో. దేవుడేమైనా గడియారం పట్టుకుని కూర్చున్నాడా?"

మర్నాడు పొద్దున్న నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. "విజిలయ్యాక తప్పకుండా పెట్టనిస్తారా మేడం?"

"పెట్టనిస్తాను."

"ఎవరికైనా సరేనాండి?"

"ఎవరికైనా."

ఆ పొద్దున నా దగ్గర మొదటిసారి బంతి లాక్కుంది. దాని కాలు నా చీలమండకి తగిలి ప్రాణం జివ్వుమంది. అది ఆగలేదు, బంతితో వెళ్ళిపోయింది. విజిలయ్యాక వచ్చి, నా పాదం తాకి కళ్ళకద్దుకుంది. ఆ తర్వాత ఆట అయ్యాక పిల్లలు వరసగా నిలబడి, "ఇదిగోనే దణ్ణాలమ్మా, ఈ కాలేనే," అని చూపించి నవ్వేవారు. అది మాత్రం నవ్వకుండా ఒక్కొక్కరికీ పెట్టుకుంటూ వెళ్ళేది. ఎవరికి తగిలిందో ఒక్కటీ మర్చిపోయేది కాదు.

పది పరీక్షలయ్యాక రాజమండ్రి వెళ్ళాం. ఎండ మండిపోతోంది. పొద్దున్నంతా పరుగులు, పాసులు. మధ్యాహ్నం చివర్న వన్ ఆన్ వన్ పెట్టారు. అటాకరు గోలు కొట్టాలి. డిఫెండరు బంతి గెలిస్తే దాన్ని తీసుకుని అవతలి గీత దాటాలి. అదీ పద్ధతి.

మా పిల్లకి ఎదురుగా వచ్చింది పిఠాపురం వైపు నుంచి వచ్చిన అమ్మాయి. పొట్టిగా ఉంటుంది, మెరుపులా తిరుగుతుంది. పొద్దుట్నుంచీ దాన్ని ఆపినవాళ్ళు లేరు. వాళ్ళమ్మ కూడా వచ్చి, గీత పక్కన సంచీ మీద కూర్చుని, కూతురు గోలు కొట్టినప్పుడల్లా పక్కవాళ్ళ వైపు చూసి సిగ్గుగా నవ్వుతోంది. మొదటిసారి మా పిల్ల దాన్ని గట్టు వైపు తోలేసి బంతి బయటికి పోయేలా చేసింది. రెండోసారి ఆ పిల్ల దొరక్కుండా దాటిపోయి గోలు కొట్టింది. అబ్బ, ఏం దాటిందనుకున్నారు! నేనే చప్పట్లు కొట్టాను.

మూడోసారి ఆ పిల్ల ఎడమ భుజం వంచి ఎడమకి పోతున్నట్టు కనిపించింది. మా పిల్ల భుజం చూడలేదు, బంతినే చూసింది. బంతి కుడికి జరగ్గానే కాలు పెట్టింది. ముందు తగిలింది బంతికే. ఆ పిల్ల వేగంలో మా పిల్ల కాలి మీదుగా వచ్చి, తన కాలు మడతపడి కింద పడింది. చప్పుడు అందరికీ వినపడింది. మా పిల్ల అప్పటికే బంతితో వెళ్ళిపోతోంది. వెనక ఆ పిల్ల అమ్మా అని కేక పెట్టింది. అయినా ఆగలేదు. అవతలి గీత దాటేదాకా వెళ్ళింది.

నా పక్కన నిలబడ్డ సెలక్టరు గారు, "అదండీ డిఫెండరంటే. వెనక్కి తిరిగి చూళ్ళేదు," అన్నారు. "మీ అమ్మాయి ఖాయమండి. ఇంక చూడక్కర్లేదు."

నాకు ఒళ్ళు పులకరించింది. కింద పడ్డ పిల్ల వైపు చూడ్డానికి నాకు కాసేపు పట్టింది. మా పిల్లది తప్పు కాదు. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆటలో ఎముకలు విరుగుతాయి. కానీ వాళ్ళమ్మ చెప్పుల్లేకుండా గ్రౌండులోకి పరిగెత్తడం చూశాక, ఆ సంతోషం నా నోట్లోనే చేదైపోయింది.

విజిల్ ఊదేసరికే ఆ పిల్లని ఆటోలో ఎక్కించి పంపేశారు. మా పిల్ల పొద్దుట్నుంచీ కాలు తగిలిన వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి దణ్ణాలు పెట్టుకుంది. కొందరు నవ్వారు, కొందరు బిత్తరపోయారు. ఆఖర్న నా దగ్గరికొచ్చింది. సెలక్షనైందని చెప్పాను. తలూపింది, అంతే.

"మేడం, ఆ అమ్మాయేదండి?"

"ఆస్పత్రికి తీసుకెళ్ళారమ్మా. పద, మనకి బస్సుంది."

"ఇంకా ఒకళ్ళకి పెట్టాలండి."

"వాళ్ళిప్పుడు ఏ స్థితిలో ఉన్నారో ఏంటో. వెళితే తిడతారే."

"ఎవరికైనా పెట్టనిస్తానన్నారు కదండి మీరు."

ఆటో మాట్లాడుకుని వెళ్ళాం.

ఆస్పత్రిలో ఆ పిల్లకి మోకాలి కింద నుంచి కట్టు వేసి పడుకోబెట్టారు. వాళ్ళమ్మ పక్కన బల్ల మీద, కూతురి బూటొకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మేమెవరమో చెప్పాను. ఆవిడ మొహం గోడకి తిప్పేసుకుంది. మా పిల్ల మంచం దగ్గరికి వెళ్ళింది. ఎక్కడ ముట్టుకోవాలో తెలియక కాసేపు అలాగే నిలబడింది. తర్వాత కట్టులోంచి బయటికి కనపడుతున్న కాలివేళ్ళని తాకీ తాకకుండా తాకి కళ్ళకద్దుకుంది. ఆ పిల్ల వద్దనలేదు, వెక్కి వెక్కి ఏడుస్తోంది. అది నొప్పి ఏడుపు కాదు. అలాంటి ఏడుపు నేను చాలామంది పిల్లల దగ్గర చూశాను.

"నాకింక రాదు," అంది. "నీకొచ్చిందా?"

"రాలేదండి," అంది మా పిల్ల.

నేను నోరు తెరిచాను. ఎందుకో మూసేశాను.

"నీక్కూడా రాలేదా?" ఆ పిల్ల ఏడుపు ఆపి చూసింది. మొహం తుడుచుకుంది. "నువ్వు బాగానే ఆపావు కదా నన్ను. ఇంకెవరికి ఇస్తారంట? పోన్లే, వచ్చే ఏడు మళ్ళీ వద్దాం. నేనింకా నైన్తే."

"ఆయ్, వద్దామండి."

గోడ వైపు తిరిగిన వాళ్ళమ్మ ఇటు తిరిగింది. బల్ల మీద కొంచెం జరిగి, "కూర్చోమ్మా, నిలబడ్డావేంటి," అంది. మేము వచ్చేసేటప్పుడు నా ఫోన్ నంబరు తీసుకుని, తన నంబరు కూడా ఇచ్చింది. వచ్చే ఏడు సెలక్షన్లు ఎప్పుడో తెలిస్తే చెప్పమంది.

బస్సెక్కాక నిలదీశాను. "ఎందుకే అలా చెప్పావ్?"

"ఏడుపు ఆగుద్దనండి." కిటికీలోంచి చూస్తూ అంది. "ఇంక నేను ఎళ్ళకూడదు కదండి."

చిన్నపిల్ల మాటలే అనుకున్నాను. రెండ్రోజులు పోతే అదే సర్దుకుంటుందనుకున్నాను.

సర్దుకోలేదు. సెలక్షన్ అయినవాళ్ళ పేర్లు పీఈటీల వాట్సాప్ గ్రూపులో వచ్చాయి. పదో తరగతి కూడా మంచి మార్కులతో పాసైంది. హాస్టల్లో చేరే రోజు దగ్గరికొచ్చింది. పిల్ల మాత్రం వెళ్ళనంటే వెళ్ళనంది. సెలవుల్లో ఇంట్లో కూర్చోవడం దేనికని షెడ్డు వ్యాను ఎక్కింది కూడా. ఆ మాట విన్న రోజే సాయంత్రం అది తిరిగొచ్చే వేళకి వెళ్ళి కూర్చున్నాను.

మామ్మ ఈసారి నా పక్షమే. "నేను మాటిచ్చానండి, పంపుతానన్నాను, పంపుతాను. ఇదే మొండికేసింది. పీక పట్టుకుని పంపనాండి?"

పిల్ల వచ్చింది. చేతులకి రొయ్యల వాసన, వేళ్ళ చివర్లు తెల్లగా నానిపోయి ఉన్నాయి. నేను అరవకూడదనే అనుకుని వెళ్ళాను. అరిచాను. "నువ్వు చెప్పిందే అబద్ధం! ఆ పిల్ల కోసం బతుకంతా రొయ్యలు వలుచుకుంటావా? దానికి వచ్చే ఏడుంది. నీకుందా?"

"నేనెళ్తే అబద్ధం చెప్పినట్టవుద్దండి," అంది మెల్లగా. "ఎళ్ళకపోతే రాలేదన్న మాట నిజమైపోద్దండి. అబద్ధం ఉండదు కదండి."

ఎంత పిచ్చి లెక్కో తెలుసు. ఆ లెక్క తప్పని చూపించడం మాత్రం నాకు చేతకాలేదు. దుఃఖం ముంచుకొచ్చింది. ఏడిస్తే బాగోదని ఫోన్ తీశాను. పిఠాపురం నంబరుకి కలిపి, స్పీకరు పెట్టి, దాని చేతిలో పెట్టాను. "ఆ అమ్మాయికి నిజం చెప్పు. ఆ తర్వాత నీ ఇష్టం. నేనింక మీ గుమ్మం ఎక్కను."

వాళ్ళమ్మ ఎత్తి కూతురికిచ్చింది.

"నేనండి... రాజమండ్రిలో..." అంది మా పిల్ల. "మీకు అబద్ధం చెప్పానండి. నాకొచ్చిందండి."

"తెలుసు," అంది ఆ పిల్ల. "మా పీఈటీ సారు ఫోన్లో చూపించారు."

"నేనెళ్ళట్లేదండి."

"ఏంటి?"

"మీకు రాలేదు కదండి. అందుకని..."

"పిచ్చా నీకు?" ఆ పిల్ల గొంతు ఒక్కసారి పైకి లేచింది. "నాకింకా బూటు వేసుకోడానికే అవ్వట్లేదు. నీ మీద నాకెంత కోపముందో తెలుసా? రోజూ తిట్టుకుంటాను నిన్ను. మా ఊళ్ళో అందరూ ఏమైందే కాలికి అనడిగితే, నన్ను ఆపినమ్మాయి సెలక్టయిందని చెప్తున్నాను. నన్నాపడం ఎవరి వల్లా కాలేదు, ఒక్కత్తే ఆపింది, అది సెలక్టయింది అని చెప్తున్నాను. ఇప్పుడు నువ్వూ ఎళ్ళకపోతే నా కాలు ఉత్తినే విరిగినట్టు కదే!"

ఫోన్ పెట్టేసింది.

మామ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. పిల్ల ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది. వీధిలో ఎవరో నీళ్ళ బిందె దించుతున్న చప్పుడు వినపడుతోంది. తర్వాత అది ఫోన్ నాకిచ్చి, తడి వేళ్ళు ఓణీకి తుడుచుకుంది.

"రేపు రాజమండ్రి బస్సు ఎన్నింటికండి మేడం?" అంది.

చెప్పాను. అది వినపడలేదంది, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.